సీసాకో ఉన్ని మేజోడు

ఉత్తర నార్వే తీరాన, చేపల జబ్బుల పరిశోధనశాలలో, మనుషుల తిండికంటే కణాల తిండికే మర్యాద ఎక్కువ. మనుషులు పొద్దున రొట్టె మీద గోధుమరంగు జున్ను గీరుకుని, మధ్యాహ్నం మళ్లీ అదే రొట్టె మీద అదే జున్ను గీరుకుని బతికేస్తారు. సాల్మన్ చేప మూత్రపిండం నుంచి తీసి గాజుసీసాల్లో పెంచుకొస్తున్న ఆ కణాలకు అలా కుదరదు. వాటికి బీ విటమిన్లు ఇన్ని రకాలు, కాల్షియం, మెగ్నీషియం, ఇనుము, జింకు, అన్నీ చీమ తలకాయంత తూకాల్లో వేళకు అందాలి. ఒకటి తగ్గితే అలుగుతాయి. ఒకటి ఎక్కువైతే చస్తాయి. మగపెళ్లివారికైనా నచ్చజెప్పవచ్చు గాని వాటికి నచ్చజెప్పలేం.

ఆ తిండిని చదువుకున్నవాళ్లు మీడియం అనేవారు. దాన్ని పందొమ్మిదేళ్లుగా కలుపుతున్న రాగ్నా మాత్రం చారు అనేది. కింది అంతస్తులో ఆమె గదికి అందరూ వంటిల్లు అనే పేరు పెట్టారు. ఏ పొడి ముందు, ఏ పొడి వెనుక అన్నది ఆమె చేతికి అలవాటే. కాల్షియం అన్నిటికంటే చివర వెయ్యాలి, తొందరపడి ముందు వేస్తే చారంతా సున్నపునీళ్లలా విరిగిపోతుంది. అది పుస్తకంలో ఉంది. పుస్తకంలో లేనిది ఒకటి ఆమె చేసేది. చారు సీసాలో పోసి బిరడా బిగించగానే, దానికి బూడిదరంగు ఉన్ని మేజోడు తొడిగేది. కణాలు పెరిగే సీసాలకు కూడా అంతే. నూట నలభై సీసాలు, నూట నలభై మేజోళ్లు. అన్నీ ఆమె అల్లినవే.

"ఏంటి రాగ్నక్కా, సీసాలకి జలుబు చేసిందా?" అని రోజూ అడిగేవాడు హిల్మార్. ఆ భవనానికి కాపలా, బాగుచేతలు, పుకార్లు, మూడూ అతని శాఖలే.

"నీ నోటికి కూడా ఒకటి అల్లుతున్నా, కొంచెం పెద్ద సైజు కావాల్సొస్తోంది," అనేది రాగ్నా.

మేజోళ్లెందుకని గట్టిగా అడిగితే, "మా అమ్మ పాలబిందెకి తొడిగేది," అనేది. వాళ్లది ఆవుల ఇల్లు. దీవి నుంచి పాలు పడవలో డెయిరీకి వెళ్లాలి. మూత, ముసుగు లేకుండా ఎండ తగిలిన బిందెను డెయిరీవాడు వాసన చూసి వెనక్కి తిప్పి పంపేవాడు. అలా రెండుసార్లు బిందె వెనక్కి వచ్చాక ఆ ఇంట్లో ఎవరికీ మూడోసారి పాఠం చెప్పవలసిన పని రాలేదు. కణాల చారు కూడా తిండే కదా, తిండికి ఎండెందుకు అనుకుంది రాగ్నా. కణాలు పెరిగాయి. పెరిగినంత కాలం ఎవరూ ఆమెను మరో మాట అడగలేదు. ఊళ్లో చేపలు పెంచేవాళ్లు జబ్బుచేపను పంపితే, అది ఏ వైరస్సో తేలేది ఆ కణాల మీదే.

అప్పుడొచ్చాడు రాజధాని నుంచి ప్రొఫెసర్ కాటో రోసెన్‌లుండ్.

ఆయన రావడమే జనవరిలో వచ్చాడు. రెండు నెలలుగా సూర్యుడు ముఖం చూపించని జనవరి. వచ్చిన పది రోజులకే ఆయన తల కిందికి వాలిపోయింది. మెట్లెక్కుతూ మధ్యలో ఎందుకెక్కుతున్నాడో మరిచిపోయి, దిగివచ్చేవాడు. ఈ జబ్బు అక్కడ అందరికీ తెలిసిందే. దానికి చేపనూనె, కాఫీ, ఓపిక తప్ప మందు లేదని కూడా తెలుసు. ఆ నెలాఖరుకి కొండ మీదుగా సూర్యుడు ఓ గోటి అంచంత మొహం చూపించాడు. ఆనవాయితీ ప్రకారం బళ్లకు సెలవిచ్చారు, అందరూ జామ్ నింపిన తీపి బన్నులు తిన్నారు. ప్రొఫెసరు నాలుగు తిన్నాడు. మార్చికల్లా ఆయన పనివేళల్లో కూడా దక్షిణపు గోడకు వీపు ఆనించి, కళ్లు మూసి, మొహం పైకెత్తి, వేడెక్కుతున్న బల్లిలా కూర్చోవడం నేర్చుకున్నాడు. బుగ్గలకు రంగు వచ్చింది. ఆ రంగుతోపాటు ఒక సిద్ధాంతం కూడా వచ్చింది.

"నాకు ప్రాణం పోసింది ఏమిటి? వెలుతురు!" అన్నాడు సోమవారం సమావేశంలో. "మరి మన కణాలు? కింది అంతస్తులో, కిటికీ లేని గదిలో, ఒంటి నిండా మేజోళ్లతో! ఇది పరిశోధనశాలా, ముసలమ్మల అల్లికల సంఘమా? చేపకణాలకు కొలిమి వేడి అక్కర్లేదు, పదిహేను డిగ్రీలు చాలు. మూడో అంతస్తు దక్షిణపు గది ఖాళీగానే ఉంది. నిలువెత్తు కిటికీలు. అక్కడ పెడదాం."

అందరూ చప్పట్లు కొట్టారు. అందులో వింతేమీ లేదు. ఆ ఊళ్లో దేవుణ్ణి తిట్టినవాణ్ణి క్షమిస్తారు, రాజును తిట్టినవాడితో కాఫీ తాగుతారు. సూర్యుడికి అడ్డం చెప్పినవాణ్ణి మాత్రం ఎవరూ చూసి ఎరగరు. ఇంకో ఊళ్లో ఐతే ఎవడో ఒకడు కాస్త ఆలోచించేవాడు. ఇక్కడ రెండు నెలలు చీకట్లో కూర్చున్నవాళ్లందరికీ, చీకట్లో ఉన్న కణాన్ని చూస్తే జాలి పుట్టుకొచ్చింది.

రాగ్నా ఒక్కతే చెయ్యెత్తింది.

"ప్రొఫెసర్ గారూ, ఎండ తగిలితే పాలు చెడిపోతాయండీ."

"చూడండి రాగ్నా గారూ," అన్నాడాయన, చంటిపిల్లకు చెప్పినంత తియ్యగా, "పాలు పాలు. విజ్ఞానం విజ్ఞానం. మీ ఆవులను నేను గౌరవిస్తాను. కాని సమావేశంలోకి తోలుకురాకండి."

నవ్వారు. డైరెక్టర్ అస్లాక్ కూడా నవ్వాడు. ఆయన మంచివాడే. ఎటు ఎక్కువమంది నవ్వితే అటు నవ్వే మంచివాడు.

ఆ మధ్యాహ్నమే నూట నలభై మేజోళ్లు ఊడాయి. రాగ్నా వాటిని పెట్టెలో సర్దింది. హిల్మార్ సీసాల బండిని లిఫ్టులోకి తోస్తూ, "పాపం, బట్టల్లేకుండా పైకి పోతున్నాయి," అన్నాడు. రాగ్నాకు నవ్వు రాలేదు.

*

ఏప్రిల్ మధ్యలో కణాలు ముడుచుకోవడం మొదలైంది. ఆరోగ్యంగా ఉన్న కణం గాజుకు అతుక్కుని, కాళ్లు చాపి కూర్చుంటుంది. ఇవి కాళ్లు ముడిచి, గుండ్రంగా ఉండలై, ఒక్కొక్కటే గాజు వదిలి చారులో తేలసాగాయి. పగలు పెరిగేకొద్దీ తేలేవి పెరిగాయి.

ప్రొఫెసరు సూక్ష్మదర్శినిలోంచి తల ఎత్తి తీర్పు చెప్పాడు: "బలహీనత! తిండి చాలడం లేదు. విటమిన్లు పెంచండి."

పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికొకడు. రాగ్నా విటమిన్లు పెంచింది. వద్దంటే వినేవాడా? ముఖ్యంగా బీ-టూ రెట్టింపు చెయ్యమన్నాడు, అది ఎదుగుదల విటమిన్ అని. పసుపుపచ్చటి ఆ పొడి పడగానే చారుకు మెరుపు వచ్చింది. ప్రొఫెసరు సీసాను కిటికీకేసి ఎత్తిపట్టి, "బంగారంలా ఉంది!" అన్నాడు. బంగారం కిటికీ దగ్గర కూర్చుంది. ఆ సీసాల్లో కణాలు వారానికి బదులు మూడు రోజుల్లో చచ్చాయి.

"ఖనిజాలు," అన్నాడప్పుడు. ఇనుము పెంచాడు, జింకు పెంచాడు. చచ్చాయి. బీ-టూ మూడింతలు చేశాడు. రెండు రోజుల్లో చచ్చాయి. మే నెల మూడోవారం నుంచి సూర్యుడు అస్తమించడమే మానేశాడు గనుక కణాలకు ఊపిరి పీల్చుకునే సందు కూడా లేకపోయింది. ప్రొఫెసరు మాత్రం దినదినం ఎర్రగా, నున్నగా, బన్నులా తయారయ్యాడు. పొద్దున్నే తన కిటికీ గట్టు మీది గాజుకూజాలోంచి పాలు పోసుకుని తాగడం, "ఆహా, ఇక్కడి కొండగడ్డి రుచి రాజధాని పాలల్లో ఎక్కడిది!" అనడం, కొత్త మందు రాసివ్వడం. అదీ ఆయన దినచర్య.

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లన్నవాడికి నాలుగో కాలు ఎవరిదో ఒకరిది కావాలి కదా. అది రాగ్నా కాలైంది.

"లోపం వంటింట్లో ఉంది," అని డైరెక్టరుకు చెప్పాడు. "నీళ్లు సరిగా కాయడం లేదు. సీసాల్లో సబ్బు మిగులుతోంది. ఆవిడ వారానికి నాలుగు రోజులు ఉప్పుచేప తింటుందట, ఆ చేతులతో ఏం కలుస్తోందో! విదేశీ కంపెనీల పొడి పొట్లాలు వచ్చేశాయి. నీళ్లలో వేసి తిప్పితే చాలు. ఈ వంటిల్లు ఇంకా ఎందుకు మనకు?"

డైరెక్టర్ అస్లాక్ రాగ్నాను పిలిపించాడు. కిటికీ వైపు చూస్తూ మాట్లాడాడు.

"మిడ్‌సమ్మర్ సాయంత్రానికి, అంటే నడివేసవి పండగకి తీరంలో మంటలు వేసే రోజుకి, కణాలు కోలుకోకపోతే వంటిల్లు మూసెయ్యాల్సొస్తుంది రాగ్నా. నిన్ను పంపించెయ్యంలే. సీసాలు తోమే గదిలో చోటుంది."

"పందొమ్మిదేళ్లు నేను కలిపిన చారు తాగి బతికాయండీ అవి."

"అదే నేనూ అన్నాను. 'అవును, బతికాయి' అన్నాడాయన. 'బతికాయి' అన్నది గడిచిపోయిన మాట కదా."

రాగ్నా వంటింట్లోకి వచ్చి త్రాసు ముందు కూర్చుంది. పొడిని వేలికొస తట్టుతో చిటికెలో పదోవంతు రాల్చగల చెయ్యి అది. ఆ చేత్తో ఇక సీసాలు తోమాలి. అంతకంటే పెద్ద భయం ఇంకోటి ఉంది. బతికున్న కణాల సీసాలు ఇక మూడే మిగిలాయి. అవీ పోతే ఇన్నేళ్ల సంతతి అక్కడితో సరి. మళ్లీ కొత్త చేపను కోసి, కొత్తగా మొదలుపెట్టినా అవి నిలుస్తాయన్న నమ్మకం లేదు.

మూడో అంతస్తు ఎక్కింది.

"ప్రొఫెసర్ గారూ, ఒక్క సీసా నాకివ్వండి."

"దేనికండీ? దండ వేసి గోడకు తగిలిస్తారా?" అన్నాడు కాటో. మూడింటిలోకి అధ్వాన్నమైనదాన్ని ఏరి ఆమె చేతిలో పెట్టాడు. "తీసుకోండి. ఇది ఎలాగూ రేపటికి పోతుంది."

రాగ్నా దాన్ని ఏప్రన్ కింద దాచి కిందికి దిగింది. విటమిన్లు పాత లెక్కనే వేసి తాజాగా చారు కలిపింది, కాల్షియం చివర. పాత చారు తీసేసి కొత్తది పోసి, పెట్టె తెరిచి ఒక మేజోడు తొడిగి, పాత చల్లగదిలో చీకటి మూల పెట్టింది. మూడు రోజులు అటు తొంగిచూడలేదు. పొదిగిన కోడిని మాటిమాటికీ లేపకూడదని వాళ్లమ్మ చెప్పింది.

నాలుగో రోజు చూస్తే, ఉండలైనవాటిలో పోయినవి పోగా మిగిలినవి కాళ్లు చాపి కూర్చున్నాయి. పదో రోజుకు గాజు అడుగంతా చాప పరిచినట్టు నిండిపోయింది. ఆమె ఒక సీసాను రెండు చేసింది, రెంటిని నాలుగు చేసింది.

*

ఆ కబురు మేడ మీదికి మోసినవాడు హిల్మారే. ప్రొఫెసరు దబదబా దిగివచ్చి సూక్ష్మదర్శినిలో చూశాడు, సీసాను చూశాడు, ఊడదీసిన మేజోడును చూశాడు. ఆయన మొహంలో వెలుగు పుట్టింది. ఇప్పటికైనా బుద్ధి వెలిగిందేమో అనుకుంది రాగ్నా.

"ఉన్ని!" అన్నాడు ప్రొఫెసరు. "ఉన్నిలో గంధకం ఉంది, జింకు ఉంది! బిరడా సందులోంచి ఏదో ఖనిజం లోపలికి దిగుతోంది. మీరు తెలియకుండానే ఒక ఆవిష్కరణ చేశారు రాగ్నా గారూ!"

"అది వెలుతురుకి అడ్డమండీ," అంది రాగ్నా.

"మీకు అలా అనిపిస్తుంది. సహజం." అని ఆమె మేజోడు తీసుకుని, కత్తెరతో ముక్కలు చేసి, నీళ్లలో మరగబెట్టి, వడకట్టి, ఆ కషాయం తన రెండు సీసాల చారులో కలిపి, దక్షిణపు కిటికీలో పెట్టాడు.

నిజం, నేను కల్పించి చెప్పడం లేదు. ఆ అంతస్తంతా వారం రోజులు తడిసిన గొర్రె వాసన వేసింది. కణాలు పోయాయి. ప్రొఫెసరు నిరుత్సాహపడలేదు. తప్పు ఉన్నిది కాదు, గొర్రెదని తేల్చాడు. ఏ జాతి గొర్రె, ఏ మేత, ఏ నెలలో కత్తిరించారు అని ఆరా మొదలుపెట్టాడు. రాగ్నా తన త్రాసు దగ్గరికి వెళ్లిపోయింది. హిల్మార్ ఊరుకుంటాడా?

"దీవి మీద ఓ నల్ల పొట్టేలుండేదండీ," అన్నాడు, టోపీ తీసి గుండెకు ఆనించుకుని. "సముద్రపు నాచు తప్ప ముట్టేది కాదు. దాని ఎడమపక్క ఉన్నే పనికొస్తుంది. కుడిపక్క ఎప్పుడూ గాలికుంటుంది గదా, సత్తువంతా గాలికి కొట్టుకుపోతుంది."

"ఎడమ పక్క," అని రాసుకున్నాడు ప్రొఫెసరు. "కత్తిరించేది ఎప్పుడు?"

"అది తుమ్మినప్పుడండీ."

అది కూడా రాసుకున్నాడు.

*

మిడ్‌సమ్మర్ రోజు మధ్యాహ్నం, మూడో అంతస్తులో సమావేశం. కింద తీరంలో మంటకు పాత పడవల చెక్కలు పేరుస్తున్నారు. ప్రొఫెసరు పొడి పొట్లాల కాగితాలు డైరెక్టరు ముందు పెట్టాడు, సంతకం ఒక్కటే తరువాయి. కిటికీలో ఆయన ఆఖరి రెండు సీసాలు వడపోసిన ఉప్పునీళ్లలా తేటపడి ఉన్నాయి, లోపల ప్రాణమన్నది లేదు. రాగ్నా చల్లగదిలో పదకొండు సీసాలున్నాయని అందరికీ తెలుసు. ఐతే అవి పొట్టేలు ఖాతాలో రాసేసి ఉన్నాయి.

రాగ్నా ట్రే పట్టుకుని వచ్చింది. కాఫీ బల్ల మీద పెట్టి, కిటికీ గట్టు మీది రెండు పాలకూజాలు తెచ్చి దాని పక్కన పెట్టింది. ఒకటి మామూలు గాజుకూజా. ఇంకోటి మేజోడు తొడిగింది.

"పొద్దున ఒకే ఆవు, ఒకే బిందె పాలండీ ఈ రెండూ," అంది. "ఇది ఆరింటి నుంచి ఈ కిటికీలోనే ఉంది. ఇది దీని పక్కనే ఉంది, మేజోడుతో. ముందు ఉత్త పాలు రుచి చూడండి. తర్వాత సంతకం పెట్టుకుందురు గాని."

డైరెక్టర్ అస్లాక్ మొదటి గ్లాసు నోట పెట్టుకున్నాడు. మింగలేదు. చుట్టూ చూసి, గత్యంతరం లేక, పూలకుండీలో ఉమ్మాడు.

"ఛీ! కాలిన ఈకల వాసన! చెడిపోయాయి ఇవి."

"పులవలేదు కదండీ?"

"పులుపు కాదు. ఇంకేదో. మా నాయనమ్మ ఎండపాలు అనేది..." అంటూ ఆగిపోయాడు. ఆయనదీ ఆవుల ఇల్లే. డైరెక్టరయ్యాక మరిచిపోయాడంతే. రెండో గ్లాసు తాగి, మీసం తుడుచుకుని, "ఇవీ పాలంటే," అన్నాడు.

గ్లాసులు చేతులు మారాయి. ఒక్కొక్కరే మొహం వికారం పెట్టారు. చివరికి ప్రొఫెసరు వంతు. ఆయన రెండూ తాగాడు, నింపాదిగా, నాలుకతో అంగిలి తట్టి మరీ. మేజోడు పాలు పక్కన పెట్టి, ఎండపాల గ్లాసు ఎత్తి అన్నాడు:

"ఇందులో తప్పేముంది? ఇదే కదా మీ కొండగడ్డి రుచి! రోజూ నా కూజాలోవి ఇలాగే ఉంటాయి. ఆ రెండోవే చప్పగా ఉన్నాయి."

"మూణ్ణెల్లుగా!" అన్నాడు తలుపు దగ్గర హిల్మార్, ఎంతో భక్తితో. అప్పుడు పగిలింది నవ్వు. డైరెక్టరు నవ్వాడు, ఎప్పటిలాగే ఎక్కువమంది వైపు నుంచి.

రాగ్నా మాత్రం నవ్వలేదు. ఏప్రన్ జేబులోంచి ముదురు గోధుమరంగు గాజుబుడ్డి ఒకటి తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది బీ-టూ అండీ. పాలు విరిగితే పైన తేలే నీళ్లకి పచ్చరంగు వస్తుంది చూడండి, అది దీనిదే. పాలల్లో ఉన్నదీ, చారులో ఉన్నదీ ఒకటే. ఎండ తగిలితే ఇది విరిగి, చుట్టూ ఉన్నవాటిని కూడా పాడు చేస్తుంది. ప్రొఫెసర్ గారు దీన్ని మూడింతలు వేయించి ఎండలో పెట్టారు. కణాలకి బలం పెట్టాననుకున్నారు, విషం వండిపెట్టారు. నేనేమీ ఆవిష్కరించలేదు. బుడ్డి మీద రాసే ఉంది. పందొమ్మిదేళ్లుగా రాసే ఉంది."

డైరెక్టరు కళ్లజోడు పెట్టుకుని చీటీ పైకి చదివాడు: "వెలుతురు తగలనివ్వరాదు."

ఆ బుడ్డిని తెమ్మని, పెంచమని, రెట్టింపు చెయ్యమని కాగితాల మీద కాగితాలు రాసినవాడు, ఒక్కనాడైనా దాన్ని చేత్తో ముట్టుకుని ఉంటే కదా, చీటీ చదవడానికి!

"పరిశీలించవలసిన విషయమే," అన్నాడు ప్రొఫెసరు.

డైరెక్టరు పొట్లాల కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ సాయంత్రం తీరంలో మంట రాజేయడానికి హిల్మార్‌కు కాగితం కావలసి వస్తే, అడగకుండానే తీసి ఇచ్చాడు.

కణాలు చీకటిగదికి తిరిగొచ్చాయి. పదకొండు సీసాలు ఆకులు రాలేసరికి మళ్లీ నూట నలభై అయ్యాయి. వంటిల్లు వంటిల్లుగానే ఉంది. ప్రొఫెసరు ఆ చలికాలం, సూర్యుడు లేని రెండు నెలల్లో, మరి వేరే పని తోచక, వెలుతురూ విటమిన్లూ అని పెద్ద వ్యాసం రాశాడు. కనిపెట్టినవాడు తానే. చివర కృతజ్ఞతల్లో గొర్రెల గురించి విలువైన సమాచారం ఇచ్చినందుకు హిల్మార్ పేరు ఉంది. రాగ్నా పేరు లేదు. హిల్మార్ ఆ పేజీని చట్రం కట్టించి బాయిలరు గదిలో తగిలించుకున్నాడు.

మళ్లీ మార్చి వచ్చింది. ఎండ ప్రొఫెసరు కిటికీ గట్టు మీదికి ఎక్కింది. ఆయన ఒకరోజు కూజా పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"రాగ్నా గారూ, అన్నట్టు... దీనికి కూడా ఒక మేజోడు అల్లిపెడతారా?"

రాగ్నా కాల్షియం తూస్తోంది. ముల్లు నిలిచేదాకా తల ఎత్తలేదు.

"ఎందుకులెండి సారూ," అంది. "మీకు కొండగడ్డి రుచి పోతుంది."